అభిప్రాయానికి ఒక్క గీత

ఆధార్‌కు పన్నెండు గడులు,
ఫోన్‌కు పది,
ఇంటి నంబరుకు బారెడు జాగా.
అభిప్రాయానికి మాత్రం ఒక్క గీత.
అది కూడా జిరాక్సుల సగం మాసిపోయింది.

అచ్చంపేట మున్సిపాలిటీల
అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్ను నేను.
మూడు నెల్ల జీతం బాకీ,
రెండుసార్లు గుద్దితే గాని 'క' పడని కీబోర్డు.
చెత్తయార్డు ఎక్కడ పెట్టాల్నో
ప్రజాభిప్రాయ సేకరణ అయినంక
రెండు వందల పదకొండు కాయితాలు
పల్లీల గన్నీ సంచిల వచ్చినయి నా బల్ల మీదికి.
దులిపితే పొట్టు రాలింది.

కాట్రావత్ దేవ్లి వేలిముద్ర వేసింది,
గీత మీద కాదు, ఆధార్ గడుల మీద.
టైలర్ మొయిన్ సాబ్
ఉర్దూల మొదలుపెట్టి తెలుగుల ముగించిండు.
ఒకాయన "కుంట పక్కన వద్దు" అని రాసి
కింద తన బాయి బొమ్మ గీసిండు, మోటరుతో సహా.

గుడ్ల ఈశ్వరమ్మ, ఎనిమిదో వార్డు.
గీత చాలక కాయితం వెనక్కి తిప్పి
ఎవరో పిలగానితో రాయించింది:
"సార్ నాకు టీబీ ఉన్నది. గోలీలు మింగుతున్న.
చెత్త కాలవెడితే పొగ పడదు.
ఈ ముచ్చట ఇంటి ఓనరుకు ఎరుక లేదు."

టైపు చేసిన.
ఏ గడిల పట్టని ముచ్చటకు
రిమార్కులు అని ఒక కాలమ్ ఉంటది.

సాయంత్రం ఐదున్నరకు సార్ అన్నడు:
ఆ ఫైలు జర గ్రూపుల వెయ్యమ్మా,
కౌన్సిలర్లు చూస్తరంట.
వేసిన.
ఒక్క వేలు. ఒక్కసారి.
నీలం టిక్కులు పడుతుంటే
నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న.

తెల్లారినుంచి మొయిన్ సాబ్‌కు
ప్లాట్లు అమ్మేటోళ్ళ ఫోన్లు.
"వద్దన్నోళ్ళ లిస్టుల మీ అమ్మ పేరే ముందున్నదట గదా" అని
ఎవరో నవ్వుకుంట అడిగిండ్రట దేవ్లి కొడుకును.
ఈశ్వరమ్మ ఇంటి ఓనరు
ఏం అనలేదట.
నల్లా కాడ ఆమె బిందెను మాత్రం
కాలుతోటి పక్కకు జరిపిండట.

సోమవారం వచ్చింది ఆఫీసుకు,
కొంగు మూతికి అడ్డం.
లొల్లి పెట్టలేదు.
"నా కాయితం నాకియ్యి బిడ్డా."

ఫారాల బీరువా అంత తిరగేసిన.
చెట్టు కొట్టాలంటే దరఖాస్తు ఉన్నది,
నల్లా బంద్ చెయ్యాలంటే ఉన్నది,
సచ్చినోళ్ళ పేరు తియ్యాలంటే ఉన్నది.
చెప్పిన మాట వాపస్ తీసుకునేదానికి
ఏ నమూనా లేదు.
సార్ చాయకు పోయినప్పుడు
కాయితం తీసి చేతుల పెట్టిన.
నాలుగు మడతలు వేసి జాకెట్ల దోపుకుంది.
ఇచ్చింది కాయితమే అని
ఆమెకూ ఎరుకే, నాకూ ఎరుకే.
ముచ్చట అప్పటికే వాగు దాటింది.

వానలు పోయినంక సభ మళ్ళా పెట్టిండ్రు.
ఈసారి ఫారం నన్నే తయారు చెయ్యమన్నరు.
పన్నెండు గడులూ తీసేసిన.
"ఇవి ఏడ పోయినయ్?" అన్నడు సార్.
"పేజీ సరిపోలేదు సార్" అన్న.
అంతకంటే ధైర్యం నా జీతంల రాదు.
అభిప్రాయానికి తొమ్మిది గీతలు గీసిన.

లైన్ల ఈశ్వరమ్మ.
జరంత ఒళ్ళు చేసింది.
నన్ను చూసింది, ఎరుక లేనట్టు.
"పేరు?" అన్న, తల ఎత్తకుంట.
"పేరెందుకు?
ముక్కున్న మనిషి అని రాస్కో."

ఎనకాల ఎవరో కిసుక్కుమన్నరు.
రాస్కున్న.
రాత్రి ఆ వరుస ఎక్కిస్తుంటే
కంప్యూటర్ ఎర్రగ అడిగింది:
మొబైల్ నంబరు తప్పనిసరి. పది అంకెలు.

అప్పుడు గ్రూపుల వేసిన ఆ వేలే
సున్నా మీద పెట్టి ఉంచిన,
పది పడేదాక.